గరంగావ్ సంచి

దోహా, నజ్మా
ఫిబ్రవరి 27, 2025

అక్తర్ ఆపాకు తమ్ముడు ఇక్రాముద్దీన్ సలాములు.

మీ పక్కింటి బిల్కిస్ ఫోన్ నుంచి నీ ఉత్తరం ఫోటో నిన్ననే వచ్చింది. సగం పేజీ మీద ఆమె బొటనవేలు పడింది. ఆ వేలి కింద నన్నేం తిట్టావో తెలియదు గానీ తిట్టావని మాత్రం తెలుసు. ఈసారి వేలు పక్కకు పెట్టి ఫోటో తీయమను.

ముందు నీ ప్రశ్నకు జవాబు. అల్ఫియా పెదవి వాచింది నిజమే. వంటింటి అల్మారా తలుపు తగిలిందట. నేను అడిగితే నవ్వుతూనే చెప్పింది. నా బిడ్డకు చిన్నప్పటి నుంచీ తొందరెక్కువ, నీకు తెలియనిదా? వీడియోలో బొమ్మ చూసి లేనిపోనివి ఊహించకు. అల్లుడు సమద్ బంగారం. మెట్‌పల్లి నుంచి ఏరి తెచ్చి, వీసా ఇప్పించి, పిల్లనిచ్చింది నేనే కదా! ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌ ఏరియాలో వాళ్ళింటికి పోతే, 'మామా, కూసోండి' అని తనే నీళ్ళు తెచ్చి ఇస్తాడు. మామకు నీళ్ళు తెచ్చిచ్చే అల్లుళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారు?

నెలవంక కనిపిస్తే ఎల్లుండి నుంచి రంజాన్ రోజాలు. ఈసారి మనవరాలు యుస్రాను గరంగావ్‌కు నేనే తిప్పబోతున్నాను. ఇది ఇక్కడి వాళ్ళ ఆచారం. రంజాన్ సగానికి వచ్చిన రోజు, ఇఫ్తార్ అయ్యాక, పిల్లలు జరీ బట్టలు వేసుకుని, మెడలో సంచి తగిలించుకుని, పాట పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. తలుపు తీసిన వాళ్ళు పెంకుతో ఉన్న అక్రోట్లు, బాదం, మిఠాయిలు ఆ సంచిలో పోస్తారు. నేను కారు తోలే మేడమ్ ఇల్లు అల్ తుమామాలో ఉంది కదా, ఆ వీధిలో ప్రతి గుమ్మంలోనూ గంపలు పెట్టుకుని కూర్చుంటారు. ఇన్నేళ్ళూ పరాయి పిల్లల్ని తిప్పాను. యుస్రాకు ఏడేళ్ళు వచ్చాయి, ఈసారి నా పిల్లను తిప్పుతాను.

నిజానికి అల్ఫియానే అడిగింది. 'అబ్బా, ఆ రోజు పిల్లను తీస్కపో. లేటైనా ఫికర్ లేదు, జర లేటుగనే తీస్కరా' అని పోయినప్పుడల్లా చెబుతోంది. తన పెళ్ళినాటి ముఖమల్ దుపట్టా కత్తిరించి సంచి కుట్టింది. బిడ్డ సరదా చూస్తే నాకు కడుపు నిండిపోయింది.

దువాల్లో నన్ను తలుచుకో. తిట్లలో ఎలాగూ తలుచుకుంటావు.

నీ తమ్ముడు
ఇక్రామ్


కోరుట్ల
మార్చి 5, 2025

ఇక్రామ్‌కు ఆపా దువాలు.

బొటనవేలి కింద రాసింది మళ్ళీ రాస్తున్నాను, చదువుకో. నువ్వు గాడిదవి.

అల్మారా తలుపట! నేను మాంసం కొట్టే మనిషిని రా. మొగుడు పోయాక పన్నెండేళ్ళుగా ఈ దుకాణం నడుపుతున్నాను. ఏ దెబ్బకు ఎక్కడ కములుతుందో నాకు తెలుసు. తలుపు తగిలితే పెదవి మధ్యలో పగులుతుంది. అల్ఫియాకు ఎడమవైపు వాచింది. కుడిచేతి వాటం ఉన్నవాడు ఎదురుగా నిలబడి కొడితే అక్కడే తగులుతుంది. నువ్వు వారానికోసారి పోయి ఆ పిల్ల చెప్పింది విని వస్తావు. నాకు వినపడదు కాబట్టి మొహం చూస్తాను. నవ్వుతూ చెప్పిందన్నావే, నాతో మాట్లాడినప్పుడు ఆ నవ్వు పెదవి దాటి పైకి రాలేదు.

ఇక నీ గరంగావ్ సంగతి. మనింటి పిల్ల గుమ్మం గుమ్మం తిరిగి అడుక్కోవడమేమిటని ముందు ఒళ్ళు మండింది. తర్వాత నవ్వొచ్చింది. నిన్ను పీర్ల పండుగకు ఫకీరును చేసింది మరిచావా? నీకు జ్వరమొచ్చి చావబోతే అమ్మ మొక్కుకుంది. మెడలో ఆకుపచ్చ దారాలు, భుజాన జోలె. నేనే నీ చెయ్యి పట్టుకుని తిప్పాను. ముక్కు కారుతుంటే ఆ జోలెతోనే తుడుచుకున్నావు.

అప్పుడు మనింటి పద్ధతి ఒకటుంది. ఐదిళ్ళే అడగాలి, ఐదోది మన ఇల్లే కావాలి. నువ్వు గడప బయట నిలబడితే అమ్మ లోపల నిలబడి, ఎవరో పరాయి పిల్లాడికి పోసినట్టు పిడికెడు బియ్యం పోసింది. అలా పోస్తేనే అది బరకత్, లేకపోతే వట్టి ముష్టి అనేది. యుస్రాను కూడా అలాగే తిప్పు. నాలుగిళ్ళు కాగానే తిన్నగా అల్ఫియా గడపకు తీసుకురా. ఆలస్యం గీలస్యం వద్దు. ఇది పెద్దదాన్ని చెబుతున్న మాట.

రోజా ఉండి రాస్తున్నాను, అందుకే తిట్లు తగ్గించాను.

ఆపా


దోహా, నజ్మా
మార్చి 16, 2025

ఆపా,

ఇది కూర్చుని చదువు. బిల్కిస్‌ను పక్కన ఉండనివ్వకు.

గురువారం యుస్రాను తీసుకుపోయాను. మేడమ్ వాళ్ళ వీధిలో నాలుగిళ్ళు తిరిగాం. పిల్ల పాట నేర్చుకుని గొంతెత్తి పాడింది. ఒక ఇంట్లో ముసలామె రెండు చేతులతో అక్రోట్లు పోసింది. సంచి బరువుకు పిల్ల మెడ వంగిపోతుంటే నేను మోస్తానన్నాను, ఇవ్వలేదు. ఐదో ఇంటికి దాని ఇంటికే తీసుకొచ్చాను, నువ్వు చెప్పినట్టే.

గడప ముందు నిలబడి పాట మొదలుపెట్టింది. ఎవరూ తలుపు తీయలేదు. లోపల ఏదో పడిన చప్పుడు వినిపించింది. తలుపు నెట్టాను.

సమద్ అల్ఫియా జుట్టు చేతికి చుట్టుకుని, నేల మీదికి వంచి, ఇస్త్రీపెట్టె తీగతో కొడుతున్నాడు. అరవకుండా నోట్లో గుడ్డ కుక్కాడు. ఆమె నుదురు పగిలి, రక్తం కంట్లోకి కారుతోంది.

నేను కొట్టాను ఆపా. చేతికి దొరికిన దానితో వాడి కంటి మీద కొట్టాను. ఇంకేమీ అడగకు. వాడు మొహం పట్టుకుని పడిపోయాడు. వేళ్ళ సందుల్లోంచి రక్తం వచ్చింది. పక్క పోర్షన్ వాళ్ళు అంబులెన్స్‌ను పిలిచారు, తర్వాత పోలీసులు వచ్చారు. కొట్టింది నేనేనని చెప్పాను. అల్ఫియాను అడిగితే 'జారి పడ్డ' అంది. యుస్రా పాస్‌పోర్టు సమద్ బీరువాలో ఉంది, ఆ భయంతోనే నోరు విప్పలేదు. నా పాస్‌పోర్టు పోలీసులు తీసుకుని, మేడమ్ పూచీ మీద నన్ను వదిలారు. కేసు నడుస్తుంది.

నేను ఉండేది మగవాళ్ళ గది. వీళ్ళనెక్కడ పెట్టుకోను? మేడమ్ ఇంటి వెనక పనివాళ్ళ గదుల్లో ఒకటి ఖాళీ చేయించి ఇచ్చింది. ఎండాకాలం మేడమ్ వాళ్ళు ఊరికి పోయేదాకా ఉండొచ్చు. అల్ఫియా నుదుటికి కుట్లు పడ్డాయి.

సంగతేమిటంటే, పిల్లను తీసుకుని కోరుట్లకు పోతానని మొగుడితో చెప్పడానికి ఆ రాత్రినే ఎంచుకుందట. చెబితే ఏం జరుగుతుందో తెలుసు కాబట్టే పిల్ల కళ్ళబడకుండా బయటికి పంపింది, ఆలస్యంగా తెమ్మంది. నేను తొందరగా తెచ్చాను.

ఇక్రామ్


కోరుట్ల
మార్చి 18, 2025

నా సింహానికి,

శభాష్! వెయ్యిసార్లు శభాష్! నీ ఒంట్లో ఉన్నది రక్తమో మజ్జిగో అని ఇన్నాళ్ళూ అనుమానపడ్డాను, మాఫ్ చెయ్యి. కంటి మీద కొట్టావా, చాలా మంచి చోటు. రెండో కన్ను ఎందుకు వదిలావన్నదే నా బాధ.

బిల్కిస్‌ను దూరం పెట్టమన్నావు. ఆమె ఫోన్‌లో వచ్చిన ఉత్తరాన్ని ఆమె చదవకుండా ఎలా ఆపను? ఇంటి గుట్టు లంకకు చేటంటారు, మన గుట్టు కోరుట్లంతా తెలిసిపోయింది. అయితే ఏం? తలెత్తుకునే సంగతే కదా. దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళూ 'మీ తమ్ముడు అల్లున్ని పండబెట్టిండట గద' అంటుంటే, పెదవులు చదివి, కొసరు ముక్క వేసి పంపుతున్నాను.

నిన్న సమద్ తల్లి మెట్‌పల్లి నుంచి ఆటో కట్టించుకుని వచ్చింది. దుకాణం ముందు నిలబడి నోరు పారేసుకుంది. ఏమంటోందో చదవాలనిపించక తల వంచుకుని మేక తొడ కొడుతూ కూర్చున్నాను. ఆమె పోతే నేనూ ఆపుదామనుకున్నాను. ఆమె కాళ్ళు అక్కడి నుంచి కదలలేదు. తలెత్తి చూసేసరికి తొడ కాస్తా ఖీమా అయిపోయింది. కత్తి తుడిచి, ఆమె వైపు తిప్పి, 'నీ కొడుకు ఇంకో కన్నుతోటి నా బిడ్డ దిక్కు సూస్తే నేనే వస్త' అన్నాను. నా గొంతు ఎంత పైకి పోయిందో నాకు తెలియదు. ఆటోవాడు మాత్రం బండి స్టార్ట్ చేశాడు.

అల్ఫియాను, పిల్లను పంపు. ఆలస్యం చెయ్యకు.

గర్వంతో
నీ ఆపా


దోహా, నజ్మా
మార్చి 24, 2025

ఆపాకు సలాం.

నా గురించి ఊళ్ళో అంత గొప్పగా చెప్పుకోకు. నన్ను ఇబ్బంది పెట్టకు.

సమద్ అన్న ముస్తఫా నిన్న నా గదికి వచ్చాడు. ఎదురుగా కూర్చుని పెద్దమనిషిలా మాట్లాడాడు. సమద్ కుడికంటికి చూపు రావడం కష్టమన్నారట డాక్టర్లు. మామ వెనక నుంచి రాడ్‌తో కొట్టాడని సమద్ పోలీసులకు చెప్పాడట. అయినా ఇంట్లో ఆడమనిషి లేక వాడు ఏడుస్తున్నాడట. అల్ఫియా వాపసు వస్తే కేసు వెనక్కి తీసుకుంటాడట. తల్లీబిడ్డలకు పండుగ బట్టలు కూడా పంపాడు. యుస్రా గౌనుకు అద్దాలున్నాయి, చాలా బాగుంది.

నా సంగతి కూడా ఆలోచించు. కేసు రుజువైతే జైలు. తర్వాత ఉద్యోగం ఉండదు, ఈ దేశమే ఉండదు. ఈ వయసులో కోరుట్లకు వచ్చి ఏం చేయను? నీ దుకాణంలో ఈగలు తోలాలా? కోపం ఏ మగవాడికి రాదు? కన్ను పోయాక వాడికీ బుద్ధి వచ్చి ఉంటుంది. అల్ఫియాను అడిగితే, 'నీ ఇష్టం అబ్బా' అని గోడ వైపు తిరిగింది. యుస్రా ఆ రోజు నుంచి సరిగ్గా మాట్లాడటం లేదు. తండ్రి లేకుండా ఆడపిల్లను పెంచడం మాటలా?

పండుగ కాగానే నేనే తీసుకుపోయి దింపి, నాలుగు మంచి మాటలు చెప్పి వద్దామనుకుంటున్నాను. నువ్వేమంటావు? తిట్టకుండా రాయి.

ఇక్రామ్


కోరుట్ల
మార్చి 26, 2025

ఇక్రామ్,

తిట్టను. ఒక సంగతి రాస్తాను, నీకు తెలిసిందే. తెలిసి కూడా మరిచిపోయినట్టున్నావు.

నా కుడిచెవి పెళ్ళైన రెండో ఏడాది పోయింది. అన్నంలో రాయి వచ్చిందని మా ఆయన ఒక్కటి కొట్టాడు. చెవిలోంచి రక్తం కారి మెడ మీద గడ్డకట్టింది. నేను పుట్టింటికి నడిచి వచ్చాను. మన అబ్బా నన్ను నెల రోజులు ఉంచుకున్నాడు. తర్వాత మా ఆయన పండుగ బట్టలు తీసుకుని వచ్చాడు. నీలం చీర. ఆయన కూడా ఏడ్చాడు. అబ్బా కరిగిపోయి పంపించాడు. నా పెట్టె సైకిల్ మీద పెట్టుకుని నన్ను దింపి వచ్చింది నువ్వే. అప్పుడు చిన్నవాడివి, నిన్ననడం లేదు.

ఎడమచెవి ఆ తర్వాత పోయింది. ఈసారి అరచెయ్యి కాదు, ఇనప గంటె. ఒక చెవి పోయినప్పుడే నన్ను తిరిగి పంపకుండా ఉంటే, నాకిప్పుడు ఇంకో చెవి ఉండేది. అజాన్ వినేదాన్ని. నీ బిడ్డ పుట్టినప్పుడు దాని ఏడుపు వినేదాన్ని. అల్ఫియా గొంతు ఎలా ఉంటుందో నాకు తెలియదు రా.

ఇప్పుడు నువ్వు చిన్నవాడివి కాదు. పెట్టె మోస్తావా మానుతావా నీ ఇష్టం. మోస్తే మాత్రం నాకిక ఉత్తరం రాయకు.

అక్తరున్నీసా


కోరుట్ల
మార్చి 31, 2025

ఇక్రామ్,

నీ జవాబు రాలేదు. అయినా రాస్తున్నాను.

నిన్న మీకు పండుగ, మాకు ఆఖరి రోజా. అల్ఫియా వీడియోలో మొహం చూపించి సలాం చెప్పింది. నుదుటి కుట్లు చూశాను. ఎవరో పిలిస్తే ఫోన్ యుస్రా చేతికిచ్చి బయటికి పోయింది. పిల్ల నన్ను చాలాసేపు చూసింది. తర్వాత పెదవులు కదిలించింది. గొంతు రావడం లేదని బిల్కిస్ ఫోన్‌ను తట్టి తట్టి చూసింది. ఫోన్ బాగానే ఉంది. పిల్లే గొంతు లేకుండా మాట్లాడింది. ఎవరికీ వినపడేలా చెప్పకూడదని నువ్వు ఒట్టు పెట్టించుకున్నావట కదా. నాతో అయితే ఒట్టు తప్పకుండా చెప్పొచ్చని దానికి తోచింది.

'నానీ, అబ్బాను కొట్టింది నేను.'

ఇంకా చెప్పింది. మీరిద్దరూ లోపలికి వచ్చారు. అమ్మ నేల మీద ఉంది. అబ్బా వంగి కొడుతున్నాడు. నీ సంగతి, నానా ఏం చేశాడని నేను అడిగాను. 'నానా చెప్పులు విప్పుతున్నడు' అంది.

చెప్పులు! లోపల నీ బిడ్డను చంపుతుంటే నువ్వు గడప దగ్గర వంగి చెప్పుల పట్టీలు తీస్తున్నావు! కార్పెట్ మాసిపోతుందనా? ఒక చెప్పు తీసి రెండోది తీస్తున్నావట. ఈ లోపల ఏడేళ్ళ పిల్ల మెడలోంచి సంచి తీసి, రెండు చేతులతో తాడు పట్టుకుని, గిర్రున తిప్పి తండ్రి మొహం మీద కొట్టింది. ముసలామె రెండు చేతులతో పోసిన అక్రోట్లతో. వాడు వంగి ఉన్నాడు కాబట్టి కంటికి అందింది.

పిల్ల పేరు పోలీసులకు చెప్పలేదు, నెత్తిన వేసుకున్నావు. అది మంచి పనే. కానీ నాకు కూడా నేనే కొట్టానని రాసి, నా చేత సింహమని పిలిపించుకున్నావే! నీ గురించి చెప్పుకుని కోరుట్లంతా కొసరు ముక్కలు పంచాను. ఆ తర్వాత వారానికే వాడు పంపిన గౌనుకు అద్దాలు బాగున్నాయని రాశావు. ఆ గౌను తొడిగి దాన్ని ఎవడింటికి తోలుకుపోతావు? కన్ను పోగొట్టిన పిల్లను వాడు ఏం చేస్తాడో ఆలోచించావా? ఈసారి అల్ఫియా ఒక్కతే కాదు.

నీ మీద వచ్చినంత కోపం మా ఆయన మీద కూడా ఎప్పుడూ రాలేదు.

ఒక్కటే మాట. కొట్టింది ఎవరో సమద్‌కు తెలుసు. తెలిసీ రాడ్ అన్నాడు, మామ అన్నాడు. ఎందుకు? ఏడేళ్ళ కూతురు కొట్టిందని చెప్పుకోలేక. ఆ సిగ్గు వాడి మెడ మీద ఉంది. మేక మెడ ఎక్కడ పట్టుకోవాలో నేను నీకు నేర్పాలా?

పోయి పిల్ల పాస్‌పోర్టు తీసుకురా.


దోహా, నజ్మా
ఏప్రిల్ 13, 2025

ఆపా,

నువ్వు రాసిందంతా నిజం. చెప్పుల సంగతి కూడా. 

శుక్రవారం ముస్తఫా గదిలో కూర్చున్నాం. వాళ్ళ వైపు మెట్‌పల్లి వాళ్ళు ఏడెనిమిది మంది వచ్చారు. సమద్ కంటికి గుడ్డ కట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అల్ఫియాను ఎప్పుడు దింపుతావని ముస్తఫా అడిగాడు. నేను సమద్‌తోనే మాట్లాడతానన్నాను.

'సమద్, నిన్ను కొట్టిందెవరో గీ నలుగురి ముందట నీ నోటితోని చెప్పు' అన్నాను.

'ఇంకెవరు? నువ్వే. ఎనుక నుంచి రాడ్ తోని' అన్నాడు.

'సరే. ఫోన్ చేసి యుస్రాను పిలుస్త. స్పీకర్ పెడ్త. పిల్ల ఏం జూసిందో మీరే అడుగుండ్రి' అని ఫోన్ తీశాను.

ఆపా, వాడి మొహం నువ్వు చూసి ఉండాల్సింది. చేతిలో ఉన్న స్టీలు గ్లాసు నా మీదికి విసిరాడు. కనుబొమ్మ చిట్లింది. రక్తం గడ్డం మీదికి కారుతున్నా తుడుచుకోలేదు, ఫోన్ కింద పెట్టలేదు. ముస్తఫా తమ్ముడి వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. వాడికి సగం అర్థమైనట్టుంది. నన్ను బయటికి పిలిచి, 'చాచా, ఏం గావాలె నీకు?' అని మెల్లగా అడిగాడు. పిల్ల పాస్‌పోర్టు, తల్లీబిడ్డలు పోవడానికి కావలసిన సంతకాలు అన్నాను. కేసు నా పేరు మీదే ఉండనీ, ఇంకెవరి పేరూ రాదని మాటిచ్చాను. వాడే సమద్‌ను వెంటబెట్టుకుని పోయి పాస్‌పోర్టు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

అల్ఫియాకు చూపించాను. నిన్ను అక్కడికి పంపనని చెప్పాను.  చాలా రోజుల తర్వాత అన్నం పెట్టుకుని, నా ముందు కూర్చుని కడుపునిండా తిన్నది.

ఇరవై రెండున విమానం. నా పాస్‌పోర్టు కేసు తేలేదాకా రాదు. వాళ్ళిద్దరూ నీ బాధ్యత.

ఇక్రామ్


కోరుట్ల
మే 2, 2025

తమ్ముడికి ఆపా దువాలు.

వాళ్ళు చేరి పది రోజులైంది. ముందే రాయాల్సింది, చేతులు ఖాళీ లేవు. అల్ఫియా తూకం దగ్గర కూర్చుంటోంది. గిరాకీలు బేరమాడితే 'తీస్కుంటె తీస్కో, లేకపోతే పో' అంటోందని బిల్కిస్ చెప్పింది. నా బిడ్డే అనిపించింది.

యుస్రా సంగతి దాచకుండా రాస్తాను. అది కొడుతోంది. వచ్చిన మూడో రోజు బిల్కిస్ మనవడు వెనక నుంచి భుజం మీద చెయ్యి వేస్తే, తిరిగి చూడకుండానే మోచేత్తో ముక్కు పగలగొట్టింది. రక్తం చూసి ఏడవలేదు, పారిపోలేదు. అక్కడే నిలబడి చూసింది. నిద్రలో పళ్ళు కొరుకుతుందట, అల్ఫియా చెప్పింది. నేను పొరపాటున కత్తి పైకెత్తితే తల్లికి అడ్డంగా వచ్చి నిలబడుతోంది. మాంసం కొట్టడానికే ఎత్తానని చూపిస్తే పక్కకు జరుగుతుంది, మళ్ళీ ఎత్తితే మళ్ళీ వస్తుంది.

కొట్టడం ఎవరైనా నేర్పుతారు. మానడం ఎలా నేర్పాలో నాకు రాదు. నా జీవితమంతా కత్తితోనే గడిచింది. మెల్లగా నేర్చుకుంటాం, ఇద్దరం.

కన్ను సంగతి ఎవరి ముందూ ఎత్తడం లేదు. ఊళ్ళో ఇంకా నువ్వే కొట్టావని అనుకుంటున్నారు. నేనూ దిద్దలేదు. నీ మీద కోపం పోయిందని మాత్రం అనుకోకు. సగం పోయింది.

వేళకు తిను.

ఆపా


దోహా
మే 16, 2025

ఆపా,

అక్షరాలు వంకరగా ఉన్నాయి, ఎడమచేత్తో రాస్తున్నాను. కుడిచేతి వేళ్ళకు పిండికట్టు వేశారు. ఆసుపత్రి మంచం మీద ఉన్నాను, గది బయట పోలీసు కూర్చున్నాడు. ఇది నర్సు ఫోన్‌తో పంపిస్తున్నాను.

అల్ఫియా కుట్టు మిషన్ ఆ ఇంట్లోనే ఉండిపోయింది. అది తెచ్చి ఎవరైనా ఊరికి పోయేవాళ్ళతో పంపుదామని నిన్న ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌కు పోయాను. గొడవ పడాలని పోలేదు, నమ్ము. సమద్ ఒక్కడే ఉన్నాడు. ముందు బాగానే మాట్లాడాడు. నేను మిషన్ ఎత్తుకుంటుంటే నవ్వాడు.

'తీస్కపో మామా. ఆర్నెల్లల్ల మళ్ళ నువ్వే మోస్కొస్తవ్. నీ బిడ్డ యాడికి పోతది? అప్పుడు ఆ పిల్ల చేతులు ఏ చేతులో చూస్త. వేలుకు వేలు ఇరుస్త' అన్నాడు.

మిషన్ కింద పెట్టాను. కొట్టాను. ఒక్కసారి కాదు. నోటి మీద కొట్టాను, పడిపోయాక కూడా కొట్టాను. వాడి పళ్ళు నా పిడికిట్లో గుచ్చుకున్నాయి. నా వేళ్ళు విరిగిన చప్పుడు వినపడింది, అయినా ఆపలేదు. 'వద్దు మామా' అన్నాడు. అల్ఫియా ఆ మాట ఎన్నిసార్లు అని ఉంటుందో అనుకుంటూ కొట్టాను. పక్క పోర్షన్ వాళ్ళు వచ్చి నన్ను లాగారు. వాడు బతికే ఉన్నాడు. దవడ విరిగిందట.

నేను కొట్టానని పోలీసులు కాగితంలో రాసుకున్నారు కదా. ఆ మాట రెండు నెలలుగా నన్ను తినేసింది. ఇప్పుడది అబద్ధం కాదు. ఇక మీద నన్ను ఏమని పిలిచినా తలెత్తుకుని వింటాను.

జైలు ఖాయం. ఎన్నాళ్ళో తెలియదు. రాత్రి మాత్రం నొప్పిలో కూడా హాయిగా నిద్రపట్టింది. ఈ సంగతి అల్ఫియాకు చెప్పు. యుస్రాకు కూడా చెప్పు. దాని నానా ఉన్నాడని చెప్పు.

ఇక్రామ్


కోరుట్ల
మే 19, 2025

ఇక్రామ్,

ఈ ఉత్తరం నీకు ఎప్పుడు చేరుతుందో తెలియదు. ఆ నర్సు నంబరుకే పంపమని బిల్కిస్‌కు ఇస్తున్నాను.

నీ ఉత్తరం చదవగానే నేను దుకాణంలోనే అరిచాను. సంతోషంతోనే అరిచాను, దాచను. మా ఆయన పోయిన రోజున కూడా నేను ఇంత హాయిగా ఊపిరి తీసుకోలేదు. గిరాకీలను వదిలేసి ఇంట్లోకి పోయి, అల్ఫియాను, యుస్రాను కూర్చోబెట్టి, నువ్వు రాసిందంతా పైకి చదివాను. 'వద్దు మామా' అన్న చోట రెండుసార్లు చదివాను. నా తమ్ముడు, నా తమ్ముడు అన్నాను.

అల్ఫియా మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని లేచి పోయింది. ఏడ్చిందో నవ్విందో నేను చూడలేదు. నిన్ను జైల్లో పెడతారన్న సంగతి నాకు అప్పుడే తట్టింది. పిచ్చివాడా, పిల్ల మనింట్లో ఉంది, పాస్‌పోర్టు మన చేతిలో ఉంది. వాడు కుక్కలా మొరిగాడు, మొరగనిస్తే పోయేది. ఎవరి కోసం కొట్టావు? నా కోసం కొట్టావా, నేను నిన్ను తిట్టినందుకు? నేనే నీ చేత కొట్టించానా? నిన్న రాత్రంతా ఇదే ఆలోచన.

యుస్రా లేవలేదు. సంతోషపడుతుందనుకున్నాను. ఇక నిన్నెవరూ ఏమీ చేయలేరు, నానా ఉన్నాడు అని చెప్పాను. అది నా చేతిలోని కాగితాన్నే చూస్తూ కూర్చుంది. కాసేపటికి పెదవులు కదిపింది.

'అబ్బా ఒక్కడే ఉంటడు గద నానీ. కంట్లె మందు ఎవరేస్తున్నరు?'

నేను కాగితం మడత పెడుతూ తల వంచుకున్నాను. తన పెదవులు చూడలేదనుకున్నట్టుంది. దగ్గరికి వచ్చి, నా మొహాన్ని రెండు చేతులతో తన వైపు తిప్పుకుని, ఒక్కొక్క మాటే మెల్లగా మళ్ళీ అడిగింది.

ఆపా